ఉప్పు, పిండి, మీగడ

పడుకోకు, పక్కకు ఒరగకు, అంతే నేను నిన్ను అడిగేది, మిగతాదంతా నేను చూసుకుంటాను. ఈ మాట పైకి అనలేదు, అంటే అత్తయ్య వంటింట్లోంచి తల బయటపెట్టి చేపతో మాట్లాడుతున్నావా అంటుంది, మాట్లాడితే ఏమయిందట, ఈ ఇంట్లో దొరసానితో మాట్లాడని వాళ్ళెవరు, పొద్దున లేవగానే పాలవాడికంటే ముందు ఆవిడనే కదా అందరూ పలకరించేది. హాలు మధ్యలో చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను, మోకాళ్ళ మధ్య తెల్ల బకెట్, బకెట్‌లో ఇప్పుడే కలిపిన ఉప్పునీళ్ళు, అందులో చుక్క చుక్క కొలిచి పోసిన ఫార్మలిన్, గొట్టం చివరి గాలిరాయి అడుగునుంచి బుడబుడమని పొంగించే బుడగలు, ఆ బుడగల నడుమ నారింజ ఒంటిమీద మూడు తెల్ల పట్టీలతో మా దొరసాని, నోరు తెరుచుకుని, మొప్పలు ఎగరేసుకుంటూ. కిటికీలన్నీ బార్లా తీశాను. అయినా వాసన ముక్కులో సూదిలా దిగుతూనే ఉంది, కాలేజీ లాబ్ వాసన, సీసాల్లో ముంచిన కప్పల వాసన, ఆ కప్పలు చచ్చినవి, ఇది బతికుంది, బతకాలి. ఒక్క గంట. గంటసేపు ఈ మందునీళ్ళలో నిలబడితే ఒంటినిండా పట్టిన పురుగు చస్తుంది, దొరసాని దక్కుతుంది. మధ్యలో తట్టుకోలేక ఒరిగిపోతే ఎత్తి పక్కనున్న మందు లేని బకెట్‌లో వేసెయ్యాలి, అప్పుడు పురుగు సగం మిగిలిపోతుంది, వెంటనే ఇంకో స్నానం తట్టుకునే ఓపిక దీనికి లేదు. అందుకే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. నా కళ్ళమీద నాకు నమ్మకం ఎక్కువే, దాచుకోవడం ఎందుకు, ఉప్పునీటి చేపకు ఏం పట్టిందో గుమ్మంలోంచి చెప్పగలిగిన మనిషి ఈ ఊళ్ళో నేను కాక ఇంకొక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ ఇప్పుడు బాల్కనీలో కుర్చీ వేసుకుని మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు.

మా మామయ్య. అమ్మకు తమ్ముడు, నాకు గురువు, దొరసానికి యజమాని అంటే ఆవిడ ఒప్పుకోదు, నౌకరు అనుకుందాం. ఇందాక నేను బకెట్లు సర్దుతుంటే వెనక నిలబడి, ఇది పోతే నేను మళ్ళీ నీళ్ళలో చెయ్యి పెట్టను అమ్మడూ, సామానంతా నువ్వు పట్టుకుపో, అన్నాడు. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు, రేపు కరెంటు ఉండదట అన్నట్టు అన్నాడు, అదే నాకు భయం వేసింది. ఆయన ఒక మాటంటే అయిపోయినట్టే. ఒకప్పుడు పెట్టెలకు పెట్టెలు సిగరెట్లు కాల్చేవాడు, పొగ నీళ్ళలో కలుస్తుందని ఎక్కడో చదివి చేతిలో సగం కాలినదాన్ని గ్లాసులో ఆర్పేసి ఇంక తాగను అన్నాడు, తాగలేదు, పెళ్ళయినప్పటినుంచి నేను బతిమాలితే మానని మనిషి చేపకోసం మానాడు అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆ నోటితోనే ఇప్పుడు ఈ మాటా అన్నాడు. నీళ్ళలో చెయ్యి పెట్టని మామయ్య ఎలా ఉంటాడో నా ఊహకు అందడం లేదు, ఆయన వేళ్ళు ఎప్పుడూ నానిపోయి ముడతలు పడి ఉంటాయి, నా చిన్నప్పుడు అది ముసలితనం అనుకునేదాన్ని, అప్పటికి ఆయనకి ముప్ఫై కూడా దాటలేదు. పోదులే, నేనుండగా ఎలా పోతుంది. మందు కొలతలో నా చెయ్యి తప్పదు, నీళ్ళ వేడి ట్యాంకులోనూ బకెట్‌లోనూ ఒకేలా ఉండేట్టు చూసుకున్నాను, గాలి ఎక్కువే పెట్టాను ఎందుకంటే ఈ మందు నీళ్ళలోని ఆక్సిజన్ తినేస్తుంది. చేయాల్సినవన్నీ చేశాను, ఇక కూర్చోవడమే పని, కూర్చోవడమంత కష్టమైన పని ఇంకోటి లేదు.

ఫోన్లో చేప జబ్బు చెప్పమంటే లోకమంతా ఒకే మాట చెబుతుంది, ఒంటిమీద తెల్లగా ఏదో ఉందండీ అని. తెల్లగా ఉండనిదేది, ఉప్పునీటి చేపకు పట్టే పురుగులన్నీ తెల్లగానే కనబడతాయి, మందులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి. అందుకని మామయ్య, నేను బళ్ళో ఉన్న రోజుల్లోనే, ఒక పద్ధతి పెట్టాడు, ఫోన్ చేసినవాళ్ళను ముందు వంటింట్లోకి పంపేవాడు. ఉప్పు చల్లినట్టుందా, పిండి చల్లినట్టుందా, మీగడ కట్టినట్టుందా, పోల్చి చూసి చెప్పండి. ఉప్పు అంటే రవ్వ రవ్వగా, విడివిడిగా ఉంటుంది, కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు, అది తెల్లమచ్చ, రాగి మందు పోసి ఓపిక పడితే పోతుంది. పిండి అంటే ఎదురుగా చూస్తే కనబడదు, పక్కనుంచి టార్చి వేస్తే బంగారం పొడి రాలినట్టు మెరుస్తుంది, దానికీ రాగే కానీ ఓపిక పట్టడానికి టైముండదు, పరిగెత్తాలి. మీగడ అంటే ఒంటిమీది జిగురు పొర కట్టి, కాచిన పాలమీద పొర ముడతలు పడ్డట్టు పడి ఊడుతుంటుంది, ముఖ్యంగా ఈ పట్టీల చేపలకు, దానికి రాగి పొయ్యడమంటే కడుపునొప్పికి కాలికి కట్టు కట్టడమే, ఫార్మలిన్ స్నానమే దానికి సరైన మందు. పుస్తకాలు వీటిని పరాన్నజీవులు అంటాయి, మామయ్య మాత్రం ఇల్లరికపుటల్లుళ్ళు అంటాడు, తింటారు, పడుకుంటారు, ఎప్పుడు వెళ్తారో చెప్పరు. పళ్ళ డాక్టరొకాయన, క్లినిక్‌లో గోడంత ట్యాంకు పెట్టుకున్నాయన, ఒకసారి ఫోన్ చేసి ఉప్పూ కాదు పిండీ కాదండీ, పంచదార అన్నాడు. పళ్ళ డాక్టరు కదా, పంచదార తప్ప ఇంకేం కనబడుతుందని నేనూ మామయ్యా పొట్ట పట్టుకుని నవ్వాం, తీరా వెళ్ళి చూస్తే ఆ చేపకు ఏ జబ్బూ లేదు, ఇసుకలో పొర్లి వచ్చింది.

నవ్వకూడదు ఇప్పుడు, నవ్వితే మోకాళ్ళు కదులుతాయి, బకెట్ కదులుతుంది. దొరసాని మొప్పలు ఇంకా వేగంగానే కొట్టుకుంటున్నాయి, కానీ నిటారుగానే ఉంది, కన్ను నా వైపే ఉంది, ఎంత అహంకారమో ఆ కంటిలో, ఈ స్థితిలో కూడా ఎవరే నువ్వు అన్నట్టు చూస్తుంది. రెండో మూల మూతపెట్టిన ఇంకో బకెట్‌లో గుమాస్తా ఉన్నాడు, దొరసాని మొగుడు, దొరసానిలో సగం ఉంటాడు, ఎప్పుడూ ఫైళ్ళు పట్టుకుని వెనకాల నడుస్తున్నట్టు రెండంగుళాల దూరంలో ఈదుతాడు. వాడికీ పట్టింది, కానీ తక్కువ, ఈవిడ తర్వాత వాడి వంతు. ఈ జాతిలో ఆడది పోతే మగవాడు కొన్నాళ్ళకు ఆడదైపోతాడు, గుమాస్తాకి దొరసాని ఉద్యోగం వస్తుంది అని మామయ్య వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించేవాడు. ఈమధ్య ఆ జోకు వేయడం లేదు. నిన్నకు నిన్న అత్తయ్య ఫోన్ చేసిందని చెప్పాలి కదా, కాదు, ఫోన్ ఇవాళ పొద్దునే, నాకు ఈ వాసనకి పొద్దులు కలిసిపోతున్నాయి. అప్పటికి నేను ఇంకా పళ్ళు తోముకుంటున్నాను. దొరసాని గుడ్లు తేలేసిందే అమ్మాయ్, మీ మామయ్య రాత్రినుంచి అన్నం ముట్టలేదు, నువ్వు ఒకసారి రా అంది అత్తయ్య. వెనకనుంచి మామయ్య గొంతు, ఎందుకు దాన్ని కంగారు పెడతావు, ఉప్పే, జంటను వెనకగది ట్యాంకులోకి మార్చి రాగి పోశాను, తగ్గుతుంది. ఆయన ఉప్పు అన్నాక నేను తాపీగానే బయలుదేరాను, టీ తాగి, మా ఆయన చొక్కా బొత్తాం కుట్టి. నాకు జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వెయ్యవు, చేప దగ్గితే పరిగెడతావు అని మా ఆయన ఎప్పుడూ అంటాడు, ఇవాళ పరిగెత్తలేదు కూడా, మామయ్య ఉప్పు అన్నాడు కదా.

వెనకగది గుమ్మంలోంచే తెలిసింది. ఉప్పు ఎక్కడ, ఒక్క రవ్వ లేదు, ఒంటినిండా మీగడ, పట్టీల తెలుపుకీ పొర తెలుపుకీ తేడా లేకుండా, తోక దగ్గర తునకలు తునకలుగా వేలాడుతూ. మామయ్యా, ఇది మీగడ, అన్నాను. నేను చూసినప్పుడు ఉప్పే, అన్నాడు ఆయన, చూసినప్పుడు అనే మాట దగ్గర గొంతు కొంచెం జారింది. కిందటివారం పెద్ద ట్యాంకులో వదిలిన కొత్త చేప, నీలం బుడ్డోడు, మూడురోజులు తిరక్కుండా చచ్చిపోయాడట, అదీ నాకు అప్పుడే చెప్పాడు, వాడినుంచే వచ్చింది ఇదంతా. అయినా కొత్త చేపను విడిగా పెట్టి వారాలపాటు గమనించకుండా ఏనాడూ లోపలికి వదలడు కదా ఆయన, గమనించాను, శుభ్రంగా ఉన్నాడు, అన్నాడు. వాదించే టైము లేదు. దొరసాని పక్కలనుంచి గాజుపలకతో కాస్త జిగురు గీకి తీసి, సంచిలోంచి నా చిన్న బ్యాటరీ మైక్రోస్కోప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూశాను, చిక్కుడు గింజల్లా, వందలు, సుడులు తిరుగుతూ. గింజలు మామయ్యా, గింజలు తిరుగుతున్నాయి అన్నాను. ఆయన వచ్చి కూర్చుని కన్ను ఆనించి, చక్రం అటూ ఇటూ తిప్పి, ఆ, గింజలే, తిరుగుతున్నాయి, నువ్వే కరెక్టు, అన్నాడు. నేను అప్పటికే ఫార్మలిన్ సీసా మూత తీస్తున్నాను.

కదిలింది. ఒక్కసారి తోక విదిల్చి పక్కకు వాలింది, నా చెయ్యి నీళ్ళలోకి వెళ్ళిపోయింది కానీ ఆపుకున్నాను, ఆగు, తొందరపడకు, చూడు, ఏం కనిపిస్తోంది. ఏం కనిపిస్తోంది అమ్మడూ. ఆ ప్రశ్న మామయ్యది. ఈ ఇంటికి చదువుకోడానికి వచ్చిన కొత్తల్లో, లెక్కలు తప్పినందుకు ముఖం మాడ్చుకుని కూర్చున్న నన్ను లేపి ట్యాంకు ముందు నిలబెట్టి మొదట అడిగిన ప్రశ్న. చేపలు అన్నాను. చేపలని నాకూ తెలుసు, ఏం కనిపిస్తోంది. ఏమీ లేదు అన్నాను. ఏమీ లేదు అనే జవాబు ఈ ఇంట్లో చెల్లదు, మళ్ళీ చూడు, అన్నాడు. అప్పుడు కనబడింది, ఒక చేప మాత్రం గాలిపంపు ఎదురుగా నిలబడి నోరు తెరుచుకుంటోందని, ఇంకోటి రాయికి ఒళ్ళు రుద్దుకుంటోందని, అంతా అలా మొదలయింది. ఆ చలికాలమే వేలంత దొరసాని ఒక ప్లాస్టిక్ సంచిలో వచ్చింది, నేను విడిగా పెట్టి కాపలా కాసిన మొట్టమొదటి చేప. నేను చూసి ఏం చెప్పినా సరే, మామయ్య వచ్చి తను స్వయంగా కళ్ళు పెట్టి చూడనిదే చుక్క మందు పోసేవాడు కాదు, నీ చూపు మీద అనుమానం కాదు, నా చూపు ఊరుకోదు, అనేవాడు. పక్కకు వాలిన దొరసాని మళ్ళీ నిటారయింది. రెక్కలు రెండూ విప్పి, బుడగల వరసలోకి తనే వెళ్ళి నిలబడింది. శెభాష్.

అత్తయ్య టీ తెచ్చి నా పక్కన నేలమీద పెట్టింది. "తాగు, భయపడకు, ఇది నేను పెట్టిందే," అంది.

"నువ్వు కాక ఇంకెవరు పెడతారు?"

"మీ మామయ్య. ఈమధ్య నాకు సాయం చేస్తానని వంటింట్లో దూరుతున్నాడు. మొన్న నా టీలో ఉప్పు వేశాడే అమ్మాయ్, అంతకుముందూ ఒకసారి వేశాడు. ఎప్పుడూ ఆ ట్యాంకులకి ఉప్పు కలిపీ కలిపీ చేతికి అదే అలవాటయింది." నవ్వి, గొంతు తగ్గించి, "దానికి తోడు ఇంట్లో బల్బులన్నీ మార్చాడు. చూడు, పట్టపగలు బట్టల దుకాణంలా లేదూ ఇల్లు. పోనీలే, వయసు మీదపడితే ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి."

నేనూ నవ్వాను. టీ మంచిగా ఉంది, తియ్యగా. అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది, నేను మళ్ళీ బకెట్‌లోకి చూశాను, మీగడ పొరలు ఊడటం మొదలయింది, తెల్లటి తునకలు బుడగలతో పాటు పైకి వచ్చి అంచున చేరుతున్నాయి, వాటి కింద దొరసాని అసలు రంగు, అబ్బ, ఎంత బాగుందో ఈ నారింజ, నెగ్గుతున్నాను, మందు పని చేస్తోంది, నాకు తెలుసు చేస్తుందని. ఈ సంగతి మామయ్యకు చెప్పాలి, వచ్చి చూడమనాలి, ఇంకాసేపాగి చెబుదాం, గంట పూర్తవనీ. ఆయన ఈమధ్య నాకు మళ్ళీ పరీక్షలు పెడుతున్నాడు, నాకు భలే గర్వంగా ఉంటుంది, ఈ వయసులో కూడా నన్ను పిల్లలా ఎదురుగా కూర్చోబెట్టి, టెస్టు గొట్టం చేతికిచ్చి, చెప్పు చూద్దాం అమ్మడూ, ఈ నీళ్ళ రంగు కార్డులో ఏ గడికి సరిపోయింది, తప్పు చెబితే టీ లేదు. వచ్చినప్పుడల్లా. నేను చెబుతాను, ఆయన ఊ అంటాడు, సరిగ్గా చెప్పావు అంటాడు. ఇవాళ కూడా అంత గాభరాలో వెనకగదిలో రాగి టెస్టు గొట్టం నా చేతిలో పెట్టి ఏ గడి అని అడిగాడు. నాకు చిరాకేసింది, ఇప్పుడా పరీక్ష అని. చెప్పాను, ఊ అన్నాడు. మైక్రోస్కోప్‌లో కూడా నేను గింజలు అన్నాకే గింజలే అన్నాడు, నువ్వే కరెక్టు అన్నాడు. ఎంత మెచ్చుకున్నా, మామయ్య నోట నువ్వే కరెక్టు అనే మాట ఇన్నేళ్ళలో నేను విన్నది లేదు. డైనింగ్ టేబుల్ మీద మైక్రోస్కోప్ ఇంకా అక్కడే ఉంది, నల్లగా, చిన్నగా, పక్కన గాజుపలక. దాని దీపం ఆర్పి ఉంది. బ్యాటరీ అయిపోవస్తోందని నేనే ఆర్పాను, గింజలు చూసిన వెంటనే, వేలు పక్కకు జరిపి టక్కుమని ఆర్పి లేచాను. నేను లేచాక కదా ఆయన కూర్చున్నది.

మరి ఏం చూశాడు.

దీపం లేదు. దీపం లేకపోతే అందులో ఏమీ కనబడదు, మసక, అంతే, చక్రం ఎటు తిప్పినా మసకే. ఆ, గింజలే, తిరుగుతున్నాయి. చక్రం కూడా తిప్పాడు పాపం, నేను నమ్మాలని. చేతిలో టీ ఉంది, బకెట్‌లో పడుతుందేమోనని దూరంగా పెట్టాను. ఏ గడి అమ్మడూ, చెప్పు చూద్దాం. అది పరీక్ష కాదు. ఒక్కసారి కూడా పరీక్ష కాదు, రంగు ఆయనకు కనబడక నన్ను అడుగుతున్నాడు, నేను చెబుతుంటే నా కళ్ళు అరువు తీసుకుంటున్నాడు, నేను ఎదురుగా కూర్చుని తప్పు చెబితే టీ లేదని మురిసిపోతున్నాను. బల్బులు. టీలో ఉప్పు. గుమ్మం దగ్గర తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగి అడుగు వెయ్యడం, అది మోకాళ్ళ నొప్పి అనుకున్నాను, నూనె రాసుకో మామయ్యా అన్నాను, రాసుకుంటానన్నాడు. నీలం బుడ్డోడి ఒంటిమీద జిగురు ఆయనకు కనబడలేదు, కనబడక శుభ్రమన్నాడు, దొరసాని ఒంటిమీద తెల్లగా ఏదో ఉందని మాత్రం తెలిసింది, తెల్లగా ఏదో, లోకమంతా ఫోన్లో చెప్పే ఆ మాటే, ఆయనకు అంతే కనబడింది, పదిసార్లకు ఏడుసార్లు ఉప్పే అవుతుంది కదా అని ఉప్పు అన్నాడు. తన చూపు ఊరుకోదన్న మనిషి. గుమ్మంలోంచి చేప జబ్బు చెప్పే దాన్ని నేను, వారం వారం ఎదురుగా కూర్చున్న మనిషికేం పట్టిందో చూడలేదు. కోపం వస్తోంది, ఎవరిమీదో తెలియడం లేదు, ఆయనమీదే, చెప్పొచ్చు కదా, నోరుంది కదా, నాకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాడు, కోపమేమిటి నా మొహం, ఏడుపొస్తోంది. ఏడవకూడదు, ఏడిస్తే నాకూ మసకే. దొరసానిని చూడాలి ఇప్పుడు, ఇది బతకాలి, ఇది పోతే ఆయన చెయ్యి తీసేస్తాడు, అలా తీసేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలో అటు తిరిగి కూర్చుంటాడు, ఆ మసకలో, ఎవరికీ చెప్పకుండా. ఇప్పుడు అర్థమయింది ఆ మాట అంత మామూలుగా ఎందుకన్నాడో, దొరసాని ఒక వంక, ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు. నేను ఒప్పుకోను. నిలబడు తల్లీ, ఇంక కాసేపే, నీ ఒక్కదానికోసం కాదు.

ఫోన్లో పెట్టుకున్న అలారం మోగింది, గంటైంది. దొరసాని నిటారుగా ఉంది.

వల వెయ్యలేదు, వల వేస్తే పుండైన ఒళ్ళు చీరుకుంటుంది, అత్తయ్య వంటింటి గాజు గిన్నె ముంచి మెల్లగా నీళ్ళతో సహా ఎత్తాను. బకెట్ అంచునిండా తెల్ల తునకలు మిగిలాయి. మందు లేని బకెట్‌లో ఒకసారి కడిగి, అందులోని శుభ్రమైన ఉప్పునీళ్ళు గిన్నెలోకి తీసుకుని అందులో ఉంచాను. మొప్పలు నెమ్మదిగా ఆడుతున్నాయి. పొద్దున్నుంచి మొదటిసారి నోరు మూసింది. రేపో ఎల్లుండో ఇంకో స్నానం పడుతుంది, పెద్ద ట్యాంకు కొన్ని వారాలు చేపలు లేకుండా ఖాళీగా ఉంచాలి, అదంతా నాకు తెలిసిన పనే, చేస్తాను.

"మామయ్యా, ఇలా రా," అన్నాను.

లేచాడు. తలుపు చెక్క, కుర్చీ వీపు, టేబుల్ అంచు, ఒక్కొక్కటే చేత్తో తాకుతూ వచ్చాడు, ఇన్నాళ్ళూ నా ఎదుటే ఇలాగే నడిచాడు. వచ్చి టేబుల్ దగ్గర కూర్చున్నాడు. గిన్నె ఆయన మొహం ముందు పెట్టాను.

"చెప్పు. ఏం కనిపిస్తోంది?"

నవ్వాడు. "ఎవరు ఎవరికి పెడుతున్నారే పరీక్ష?"

"చెప్పు మామయ్యా."

"దొరసాని."

"దొరసానని నాకూ తెలుసు. ఒంటిమీద ఏముంది?"

చాలాసేపు చూశాడు. మొహం గిన్నెకు దగ్గరగా పెట్టాడు, ఇంకా దగ్గరగా, ముక్కు గాజుకు తగిలింది, దొరసాని వచ్చి లోపలివైపు నుంచి ఆ ముక్కుకు ఎదురుగా నిలబడింది. అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"ఏమీ లేదు," అన్నాడు. "నారింజ రంగేదో ఉంది. అంతే."

"ఏమీ లేదు అనే జవాబు ఈ ఇంట్లో చెల్లదు." నా గొంతు నాకే గట్టిగా వినబడింది, తగ్గించాను. "మైక్రోస్కోప్ దీపం ఆర్పేసి ఉంది మామయ్యా. నువ్వు కూర్చోకముందే ఆర్పాను."

చేతులు రెండూ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె ఉంది.

"ఉప్పా, పిండా, మీగడా?" అడిగాను.

"చేపకా?"

"నీకు."

గిన్నెను కొంచెం పక్కకు జరిపాడు. తర్వాత ఆయన, ఫోన్లో ఎవరికో జబ్బు పేరు చెప్పేటప్పుడు మాట్లాడే గొంతుతో, "మీగడే అమ్మడూ. రెండు కళ్ళకీ. కళ్ళద్దాల షాపతను శుక్లాలన్నాడు. అద్దాలు మారిస్తే లాభం లేదు, తీయించుకోవాల్సిందేనన్నాడు. చాలా రోజులైంది," అన్నాడు.

"అందుకా నా టీలో ఉప్పు," అంది అత్తయ్య, వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది, గరిటె టేబుల్ మీద పెట్టి, ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అదీ అత్తయ్య.

"సామాను పట్టుకుపో అన్నాను కదా. పట్టుకుపో," అన్నాడు మామయ్య.

"ఇది పోతే అన్నావు. పోలేదు. ఒక మాటంటే అయిపోయినట్టే కదా నీకు, ఇప్పుడూ అలాగే."

"కంటిమీద కత్తి పెడతారటే."

"మరి బల్బులు మారుస్తూ కూర్చుంటావా? మీగడకి రాగి పొయ్యకూడదని నాకు నేర్పిందెవరు?"

అప్పుడు నవ్వాడు, పొట్టలోంచి, పంచదార పళ్ళ డాక్టరును చూసి నవ్వినప్పటిలా, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు, తుడుచుకుంటే పోయే మసకా అది. గిన్నె అంచుమీద వేలు పెట్టాడు, వేలు నీళ్ళలోకి జారింది, దొరసాని వచ్చి ఎప్పటిలాగే దాన్ని కొరికింది.

"ఆస్పత్రికి నువ్వు వస్తావా?" అన్నాడు. "అక్కడా ఇలాగే నా బకెట్ పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటాను. దొరసానికి పడుకోవద్దన్నాను, నువ్వు మాత్రం కదలకుండా పడుకో, అంతే నేను నిన్ను అడిగేది, మిగతాదంతా నేను చూసుకుంటాను."